టార్చిలైటు పట్టుకున్న చెయ్యి

మా కారు మీటరులో అయిదంకెలే పడతాయి. 99,999 అయ్యాక ఒకరోజు అన్నీ సున్నాలై, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు 84 వేలు చూపిస్తోంది కాబట్టి తెలియనివాళ్లెవరైనా చూస్తే "పర్లేదే, తక్కువే తిరిగిందే" అంటారు. నిజానికి తిరిగింది లక్షా 84 వేల కిలోమీటర్లు. 1997లో నాన్న బెజవాడ వెళ్లి కొనుక్కొచ్చిన మారుతి 800 అది. నంబరు ప్లేటు మీద ఏపీ 16 అని కృష్ణా జిల్లా పాత గుర్తు. నాన్న పోయాక, ఆరేళ్ల కిందట, గుడివాడ నుంచి బందరులో మా ఇంటికొచ్చింది. దాంతోపాటు ఆయన పనిముట్ల డబ్బా కూడా వచ్చింది. తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు, వాడికి కొత్త కారుంది, ఈ డబ్బా అక్కర్లేదన్నాడు.

పోయిన నెల ఆ కారుకి ఇంజనాయిలు నేనే మార్చాను. రెండు రోజులపాటు నా గోళ్ల చుట్టూ నలుపు వదల్లేదు. పక్కింటావిడ "గోరింటాకు మరీ నల్లగా పండిందేంటండీ" అంది. చెప్తే నమ్మలేదు. అది మగవాళ్ల పని కదా అంది. నిజమే అనుకున్నాను ముందు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, మా ఇంట్లో నాలుగు తరాలుగా బళ్ల పని ఎవరెవరు చేశారో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆ సంగతులే ఈసారి రాస్తున్నాను. స్పానర్ల పాఠం చెప్తానని కంగారు పడకండి.

నాయనమ్మ పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక వైపు. ఆవిడ చిన్నతనంలో వాళ్లింట్లో ఉన్న బండి ఎద్దుబండి. ఎద్దుబండికి కూడా ఆయిలు మార్పు ఉంటుందండీ. దాని పేరు కందెన. వరిగడ్డి కాల్చి, ఆ మసిని మెత్తగా నూరి, ఆముదం పోసి కలిపితే చిక్కటి నల్లటి ముద్దవుతుంది. చక్రానికున్న చీల తీసి, చక్రాన్ని కాస్త బయటికి లాగి, ఇరుసుకి ఆ ముద్ద పట్టించాలి. పట్టించకపోతే బండి ఊరంతా వినపడేలా కిర్రుమంటుంది. ఇరుసు అరిగిపోతుంది, ఎడ్లు అలిసిపోతాయి. చీల తీసేది, చక్రం లాగేది మగవాళ్లే. ఆ ముద్ద చేసేది మాత్రం నాయనమ్మ వాళ్లమ్మ. ఆముదం వంటి వంటింట్లోనే దీపం మీద మసి పట్టి కాటుక కూడా చేసేదావిడ. అదీ మసీ ఆముదమే, ఇదీ మసీ ఆముదమే. ఒకటి కంటికి, ఒకటి ఇరుసుకి. కాటుక ఆడవాళ్ల ఖాతాలో పడింది, కందెన మగవాళ్ల ఖాతాలో పడింది. ఎందుకో మీరే ఆలోచించండి.

తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి ఒక్క మాట అడ్డం వచ్చి చెప్తాను. ఇరుసు, చీల, కందెన మన మాటలు. మరమ్మతు మనది కాదు, అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చింది. మేస్త్రీ పోర్చుగీసు వాళ్లు తెచ్చిన మాట. లారీ కింద ఉండే కమాను అంటే పారశీకంలో విల్లు. అసలు బందరు అన్న మాటకే రేవు అని అర్థం, అదీ పారశీకమే. ఓడలొచ్చిన ఊళ్లో మాటలూ ఓడలెక్కే వస్తాయి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వర్తకశాలలు పెట్టారు. పాడైనదాన్ని బాగుచేసుకోవడం అన్న పని మాత్రం ఎవరూ పడవలో తేలేదు. అది ఇంటి పనిగానే ఉంది.

తాతయ్యది గుడివాడ పక్కన పల్లెటూరు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆయనకి ఇరవయ్యేళ్లు. గుడివాడలో ఒక ప్రైవేటు బస్సుకి క్లీనరుగా చేరారు. యుద్ధం మూలాన పెట్రోలుకి రేషను. అందుకని బొగ్గు బస్సులు వచ్చాయి. మీ ఇళ్లలో పెద్దవాళ్లుంటే అడగండి, కళ్లింత చేసుకుని చెప్తారు. బస్సు వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ము ఒకటి. అందులో బొగ్గులు పోసి అంటించి, చాలీ చాలని గాలి పంపిస్తే, పూర్తిగా కాలకుండా మండే వాయువొకటి పుడుతుంది. దాన్ని వడగట్టి ఇంజనులోకి పంపిస్తే పెట్రోలు బదులు అది మండుతుంది. పొద్దున్నే లేచి బొగ్గు పోసి, చేత్తో తిప్పే గాలిపంకా తిప్పి తిప్పి, నిప్పు రాజేసి, గ్యాసు బాగా వచ్చేదాకా అరగంట పైనే పట్టేదట. ఆ తిప్పుడంతా క్లీనరుదే. ఆ బస్సుకి జోరు తక్కువ. మన డెల్టాలో అడుగడుక్కీ కాలవ, కాలవకో వంతెన, వంతెనకో ఎత్తు. ఎత్తు వస్తే మగవాళ్లంతా దిగి తొయ్యాల్సిందే. ఆడవాళ్లూ దిగి నడిచేవారట, బస్సుకి బరువు తగ్గడానికి.

తాతయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా నాయనమ్మ ఒక్క మాట కలిపేది. "ఆ బొగ్గు జల్లెడ పట్టింది ఎవరు?" అని. బొగ్గులో పొడి ఉంటే గొట్టం పూడుకుపోతుంది. అందుకని క్లీనరు ఇంట్లో ఆడవాళ్లు ముందు రోజు రాత్రి బొగ్గు జల్లించి, సమానమైన ముక్కలు ఏరి బస్తా కట్టి పెట్టేవారట. జీతం క్లీనరుకి. జల్లెడ ఇంటిది.

యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది, తాతయ్య డ్రైవరయ్యారు. అప్పుడు వచ్చింది బస్సుల జాతీయకరణ. 1958 జనవరిలో ఆర్టీసీ కార్పొరేషను ఏర్పడింది. అంతకు కొద్దిగా ముందు, 1957 చివర్లో, కృష్ణా జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోవడానికి పథకం ప్రకటించారు. జిల్లాలో ఏళ్ల తరబడి బస్సులు నడుపుకుంటున్న ఓనర్లు అభ్యంతరాలు పెట్టారు. ఆ అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి. ఆఖరి నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు. ఓనర్లు సుప్రీంకోర్టుకి వెళ్లారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు అని లా చదివే పిల్లలందరికీ ఇప్పటికీ చెప్తారట, మా ఆడపడుచు కొడుకు లా చదువుతున్నాడు, వాడు చెప్తే నాకూ ఆశ్చర్యం వేసింది. మన జిల్లా బస్సుల గొడవ దేశమంతటికీ పాఠం అయిందన్నమాట.

1958 నవంబరులో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు గారు, మన తెలుగువారే. అందులో సారం ఒక్కటే. ఒకరు వినడం, ఇంకొకరు తేల్చడం విచారణ అనిపించుకోదు. ఎదుటివాడి గోడు చెవులారా విన్నవాడే తీర్పు చెప్పాలి. ఆ పథకం ఆమోదాన్ని కోర్టు కొట్టేసింది. ఓనర్లు గెలిచారు కానీ, ఎంతోకాలం కాదు. ముఖ్యమంత్రి తానే స్వయంగా కూర్చుని విన్నారు, మళ్లీ ఆమోదించారు, 1959లో సుప్రీంకోర్టు ఈసారి ఓనర్ల వాదన ఒప్పుకోలేదు. రూట్లు ఆర్టీసీవి అయిపోయాయి. తాతయ్య ఓనరు బస్సులు అమ్మేశాడు. తాతయ్య ఆర్టీసీలో చేరలేదు. గుడివాడలో తాటాకు పందిరి వేసి, ఒక చిన్న షెడ్డు పెట్టుకున్నారు.

ఈ కేసు సంగతి నాకెందుకంత నచ్చిందో చెప్పాలంటే నా గొడవ చెప్పాలి. పోయినేడు వానాకాలంలో మా కారు పొద్దున్నే స్టార్టు చేయగానే కీచుమనేది. లైట్లు వేస్తే కీచు ఎక్కువయ్యేది. పెడన దాటేసరికి తగ్గిపోయేది. అమ్మ గుడివాడలో ఒక్కతే ఉంటుంది, మావారు ఉద్యోగం మూలాన ఆదివారాలే ఇంటికొస్తారు. కాబట్టి అర్ధరాత్రి ఫోనొచ్చినా ఆ కారేసుకుని పోవాల్సింది నేనే. బండి మీద నాకు నమ్మకం ఉండాలి. షెడ్డుకి తీసుకెళ్లాను. ఆ ఊరూ పేరూ వద్దులెండి. నేను వెళ్లేసరికి ఇంజను వేడెక్కి కీచు లేదు. నేను ఎప్పుడెప్పుడు మోగుతుందో చెప్పబోతుంటే అబ్బాయి వినలేదు. "సార్ని ఫోన్లో మాట్లాడమనండి మేడమ్" అన్నాడు. మావారు ఆ కీచు ఎన్నడూ వినలేదు. ఆయనా ఆ అబ్బాయీ ఫోన్లో మాట్లాడుకుని వాటర్ పంపు మార్చాలని తేల్చారు. 3,800 రూపాయలు. మూడో రోజు పొద్దున మళ్లీ కీచు.

విన్నదాన్ని నేను. తీర్పు వాళ్లది. జస్టిస్ సుబ్బారావు గారుంటే కొట్టేసేవారు!

ఆ ఆదివారం నాన్న డబ్బా తెరిచాను. అడుగున గళ్ల లుంగీ ముక్కలో చుట్టి స్పానర్లు, ఒక ప్లగ్గు స్పానరు, ఫీలర్ గేజీ, చెక్కపిడి సుత్తి, గ్రీజు డబ్బా, మూత ఊడిన టార్చిలైటు. వీటన్నిటిలో నాకు బాగా తెలిసింది ఆ టార్చిలైటొక్కటే. నాన్న కారు కింద పడుకుంటే లైటు పట్టుకునేది నేను. తమ్ముడు పక్కన కూర్చుని నేర్చుకునేవాడు. "ఇదిగో ఇది బెల్టు, బొటనవేలితో నొక్కితే కొద్దిగా దిగాలి, వదులైతే జారి అరుస్తుంది" అని వాడికి చెప్పేవారు. నాతో అనేది ఒక్కటే, "అమ్మడూ, కదపకు." నేను కదపకుండా అన్నీ చూశాను. లైటు ఎక్కడ పడాలో తెలియాలంటే నాన్న చెయ్యి ఎక్కడికి పోతోందో ముందే తెలియాలి కదా. పాతికేళ్ల తర్వాత బ్యానెట్ ఎత్తి ఆ బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. బాగా దిగిపోయింది. ఆల్టర్నేటరు పక్క బోల్టు వదులు చేసి, కర్రతో వెనక్కి ఒత్తి పట్టి, మళ్లీ బిగించాను. మర్నాడు పొద్దున స్టార్టు చేస్తే కీచు లేదు. తర్వాత బెల్టు కొత్తదే వేశాను, పాతది పగుళ్లిచ్చింది.

ఆరోజు ఏడుపొచ్చిందంటే నవ్వుతారేమో. సంతోషం కొంత. నాన్న మీద కోపం కొంత, అంతా నా కళ్లముందే చెప్పి నాకు మాత్రం చెప్పలేదని.

నాన్న చెడ్డవారు కాదండీ. ఆయన తరం అలా ఉండేది, వాళ్లమ్మ చేసిన పని కళ్లారా చూసి కూడా. ఆ పని సంగతి చెప్తాను. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన. తాటిచెట్టంత అల వచ్చిందని చూసినవాళ్లంటారు. పదివేల మందికి పైగా పోయారు. 1864 నవంబరులో బందరుని ముంచిన ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారని చెప్తారు, నూటపదమూడేళ్లకి మళ్లీ అదే సముద్రం. నాయనమ్మ వాళ్లవాళ్లలో ఎవరు మిగిలారో తెలియదు. కబురు తెలిసి దారులు తెరుచుకోగానే తాతయ్య, నాయనమ్మ ఒక లారీలో బయల్దేరారు. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ అక్విడెక్టు మీదుగా అవనిగడ్డ. అక్కణ్నుంచి చాలా దూరం నడక. నాయనమ్మ వాళ్ల చిన్న తమ్ముడు, ఆయన భార్య మిగిలారు. పిల్లలు మిగల్లేదు. ఆవిడ అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మిగిలిన వస్తువు ఒకటే, చేనుకి నీళ్లు తోడే ఆయిలింజను. ఒండ్రులో కూరుకుపోయి దొరికింది. ఇంజనులోకి ఉప్పునీళ్లు పోతే వెంటనే విప్పి కడగాలి. లేకపోతే తుప్పు పట్టి పిస్టను సిలిండరుకి అతుక్కుపోతుంది, ఇక తుక్కు కిందే లెక్క. కడగాలంటే ముందు మంచినీళ్లతో ఉప్పు పోవాలి, ఆ తర్వాత కిరసనాయిలు, ఆ తర్వాత నూనె. బావులన్నీ ఉప్పయిపోయిన రోజులు, తాగడానికే నీళ్లు దొరకవు. తాతయ్య రెండోసారి వెళ్లినప్పుడు గుడివాడ నుంచి రెండు డ్రమ్ముల చెరువు నీళ్లు లారీలో వేసుకెళ్లారు. ఆయన ఒక్కో భాగం విప్పి ఇస్తుంటే, నాయనమ్మ, మరదలూ ఎదురెదురుగా కూర్చుని కడిగారు. నాలుగు రోజులు. వాల్వులు, స్ప్రింగులు, రింగులు, బోల్టులు అన్నీ కడిగి, నూనె రాసి, ఏది ఏ పక్కదో కలిసిపోకుండా పాత చీర మీద వరసగా పేర్చారు. పిల్లల్ని పోగొట్టుకున్న ఆ అమ్మ ఆ నాలుగు రోజులూ ఒక్క మాట మాట్లాడలేదట. చేతులు మాత్రం ఆగలేదట. అయిదో రోజు హ్యాండిల్ తిప్పితే ఇంజను అందుకుంది. ఆ చప్పుడికి ఆవిడ మొదటిసారి ఏడ్చిందని నాయనమ్మ చెప్పింది.

తర్వాత ఊళ్లో అందరూ "గుడివాడ మేస్త్రీ వచ్చి ఇంజను బతికించాడు" అనుకున్నారు. తాతయ్యకి మంచి పేరొచ్చింది. వచ్చిందే న్యాయం, ఆయన పనితనం తక్కువది కాదు. పేర్చిన చీర గురించి మాత్రం నాయనమ్మ నోట తప్ప ఎక్కడా వినలేదు.

గుడివాడ వాళ్లకి పాత బండంటే చిన్నచూపు లేదు. 1982లో రామారావు గారు చైతన్యరథం అని ఊరూరూ తిరిగింది ఒక పాత షెవర్లే వ్యానుని మార్పించుకునే కదా. నడిపింది కొడుకు హరికృష్ణ గారు. 1983 జనవరిలో మా గుడివాడ నుంచే గెలిచారు కూడా. జనమంతా రామారావు గారిని చూస్తుంటే తాతయ్య ఆ వ్యాను పోతున్నంతసేపూ ఇంజను చప్పుడు విన్నారట. "బాగా చూసుకుంటున్నారు బండిని" అన్నారట.

అదే ఏడాది డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది. అప్పటిదాకా మన రోడ్ల మీద కారంటే అంబాసిడరు, కాదంటే ఫియట్. అంబాసిడరు ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా, 1957 ప్రాంతం నుంచి బెంగాల్లో ఉత్తరపారలో తయారయ్యేది. దాని బ్యానెట్ ఎత్తితే మనిషి దూరేంత చోటు. ఎక్కడాగిపోయినా డ్రైవరు చొక్కా విప్పి దిగేవాడు, సుత్తో తీగముక్కో పెట్టి నడిపించేవాడు. మారుతి జపాను సుజుకీ వాళ్ల బండి, 796 సీసీ, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చిన్న చక్రాలు. మొదట్లో ధర యాభై వేలకి కాస్త అటూ ఇటూ. తాతయ్య దాన్ని చూసి "ఇది కారా, కుట్టుమిషనా" అన్నారు. చప్పుడు అలా ఉండేది మరి. కుట్టుమిషనన్న మాటలో నిజం ఉంది. కుట్టుమిషనుకి బాబిన్ సర్ది, నూనె చుక్కలు వేసి, బెల్టు వదులైతే కోసి కుట్టుకునే ఆడదానికి ఆ కారు ఏమంత బ్రహ్మవిద్య కాదు.

మా కారు కార్బురేటరుది. 2000 సంవత్సరంలో దేశమంతటా కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, ఆ తర్వాత వచ్చిన బళ్లలో పెట్రోలుని కంప్యూటరు పెట్టె లెక్కగట్టి పంపిస్తుంది. వాటికి రోగం తెలియాలంటే యంత్రం తగిలించి చూడాలి. మా దానికి కళ్లూ చెవులూ వేళ్లూ చాలు. 2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. అదే ఏడు మేలో అంబాసిడరు కూడా ఆగింది. అయినా బెజవాడ ఆటోనగర్లో దీని సామాను ఇప్పటికీ దొరుకుతుంది. నేనొక్కదాన్నే వెళ్లి మూడు ప్లగ్గులూ, ఒక ఆయిలు ఫిల్టరూ కొనుక్కొచ్చాను. కొట్టు పెద్దాయన "ఏ బండికమ్మా" అని అడిగి, మోడలు చెప్పగానే మారు మాట్లాడకుండా ఇచ్చాడు. ఆ మారు మాట్లాడకపోవడం ఎంత మర్యాదో మనకే తెలుస్తుంది.

నాన్న డబ్బాలోనే ఒక నోటుపుస్తకం దొరికింది. ఒకవైపు నుంచి పాల లెక్క, ఇంకోవైపు నుంచి కారు లెక్క. ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఆయిలు మార్చారో, ఏ టైరు ఏ పక్కకి వేశారో, అన్నీ రాసుకున్నారు. 2000 జూన్లో ఒక పద్దు ఉంది. "క్లచ్చి వైరు మార్పు. సామాను 90. లైటు అమ్మడు పట్టింది." పాతికేళ్లుగా ఆ పుస్తకంలో ఉన్నానన్నమాట నేను. ఆ పేజీ చాలాసేపు చూశాను.

ఇవన్నీ తెలుసుకుంటున్నప్పుడే జర్మనీలో బెర్తా బెంజ్ కథ చదివాను. మోటారు కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య ఆవిడ. కారు తయారైంది గాని కొనేవాళ్లు లేరు. 1888 ఆగస్టులో మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్ట్స్‌హైమ్‌కి బయల్దేరింది. వంద కిలోమీటర్లు పైచిలుకు. పుట్టింటికి పోవడానికి చెప్పాపెట్టకుండా బయల్దేరడం అన్ని దేశాల్లోనూ ఉందన్నమాట. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోళ్ల పట్టీ చుట్టింది. బ్రేకు చెక్క అరిగితే చెప్పులు కుట్టే అతనితో తోలు కొట్టించింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొనుక్కుంది. ఎత్తు వస్తే పిల్లలు దిగి తోశారు, మా తాతయ్య బొగ్గు బస్సులాగే. కార్లలో మొదటి దూరప్రయాణం చేసింది ఒక ఇల్లాలు, దారిలో మెకానిక్కూ ఆవిడే. ఇది చదివిన రోజు మావారికి వినపడేలా చదివాను, రెండుసార్లు.

మా ఊళ్లో కూడా ఆడవాళ్ల చేతికి పట్టకారు కొత్త కాదు. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు దేశమంతా పోతాయి. ఇళ్లలో కూర్చుని ఆ సన్నటి కొక్కేలు వంచి, గొలుసులు అతికే చేతుల్లో ఎన్ని ఆడవాళ్లవో చూడండి. 1910లో ఇదే బందరులో కోపల్లె హనుమంతరావు గారు, పట్టాభి గారు, ముట్నూరి కృష్ణారావు గారు జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకం చదువుతోపాటు చేతిపని రావాలని వాళ్ల పట్టుదల. మంచి ఆలోచన. మా ఇళ్లలో ఆడపిల్లకి చేతిపని అంటే మాత్రం అల్లికల దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు నేను చేసుకునే పనులు చెప్తాను, గొప్ప అనుకోకండి. బందరు ఉప్పుగాలికి బ్యాటరీ కొసల దగ్గర పచ్చగా, తెల్లగా పూత కడుతుంది. ముందు నెగటివ్ తీగ విప్పి, వేణ్నీళ్లలో వంటసోడా కలిపి తోమితే పోతుంది. తుడిచి వాజలైన్ రాస్తే మళ్లీ తొందరగా రాదు. ఇది అంట్లు తోమడం కంటే తేలిక. వానాకాలం ముందు మ్యాట్లు ఎత్తి అడుగు రేకు చూస్తాను, తుప్పు కనపడితే గరుకు కాగితంతో గీకి రంగు వేస్తాను. రేడియేటరు మూత వేడిమీద తియ్యను. ప్లగ్గులు విప్పి చూస్తాను, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, ఇటుకరంగులో ఉంటే బాగుందని నాన్న తమ్ముడికి చెప్పారు, నేను విన్నాను. ఆయిలు మూడు లీటర్ల లోపే పడుతుంది. తీసిన నల్ల ఆయిలు కాలవలో పొయ్యకండి, డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చెయ్యండి. మన కాలవ నీళ్లే కదా మనం తాగేది. ఒక్క జాకీని నమ్మి ఎప్పుడూ కారు కింద దూరకండి, దిమ్మలు పెట్టుకోండి. బ్రేకులూ, టైమింగ్ బెల్టూ నేను ముట్టుకోను. వాటికి గుడివాడలో తాతయ్య శిష్యుడి కొడుకున్నాడు. అతను మాత్రం ముందు నేను చెప్పేది మొత్తం వింటాడు.

2022లో రిజిస్ట్రేషను రెన్యువలు వచ్చినప్పుడు మావారు అమ్మేద్దామన్నారు. పదిహేనేళ్లు దాటిన కార్లకి ఆ ఏప్రిల్ నుంచే ఫీజు 600 నుంచి 5,000 చేశారు. దానికి తోడు గ్రీన్ ట్యాక్సు, ఫిట్‌నెస్సు తిరుగుళ్లు. తుక్కువాడు పాతికవేలు ఇస్తానన్నాడు. అప్పట్లో నాకు జవాబు తోచక, నాన్న గుర్తు అని బతిమాలాను. మళ్లీ 2027లో వస్తుంది. ఈసారి బతిమాలను. నా దగ్గర నాన్న నోటుపుస్తకం వెనక పేజీల్లో ఈ ఏడాది లెక్క ఉంది. షెడ్డుకిచ్చింది ఎంత, నేను చేసుకోగా మిగిలింది ఎంత, రూపాయలతో సహా రాశాను. అది చూపించి మాట్లాడతాను. అప్పటికీ వద్దనుకుంటే లెక్క చూసే వద్దనుకుంటాం.

పోయిన ఆదివారం ప్లగ్గులు విప్పుతుంటే మా అమ్మాయి వచ్చి నిలబడింది. టార్చి ఇవ్వబోయాను. "ఫోన్లో లైటుంది, బ్యానెట్‌కి తగిలిస్తాలే, ఆ స్పానరిటివ్వు" అంది. మూడో ప్లగ్గు అది విప్పింది. కొంచెం అడ్డంగా బిగించింది, మళ్లీ తీయించి సరిగ్గా బిగింపించాను. నోటుపుస్తకంలో రాసుకున్నాం: 84,212. ప్లగ్గులు శుభ్రం. బెల్టు బాగుంది. వచ్చే నెల ఎడమ వెనక టైరు.